ఎండాకాలానికి వార్డు స్థాయి ఏర్పాట్లు: ముందు ఏ పని? (విజయవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి)

చిట్టినగర్ సెంటర్:
అందరికీ నమస్కారం. మా వార్డులో ఈసారి ఫిబ్రవరిలోనే ఎండల ఏర్పాట్లు మొదలుపెట్టాలని కాలనీ సంఘం, డ్వాక్రా గ్రూపులు అనుకుంటున్నాయి. సగం ఇళ్లు కొండ మెట్ల మీద, వాటిలో ఎక్కువ రేకులవే. కింద బజారులో రెండు మూడంతస్తుల డాబాలు. ఉన్న డబ్బుకు ఒకటో రెండో పనులే అవుతాయి. చలివేంద్రాలా, సిగ్నళ్ల దగ్గర గ్రీన్ నెట్లా, మొక్కలా, కప్పులకు సున్నమా? లెక్కలతో సహా చెప్పండి. మొక్కలంటే ఏ మొక్క, ఎక్కడ, ఎన్ని నీళ్లు అన్నది కూడా కావాలి.

సున్నంబట్టి:
ముందు కప్పులు. రోడ్డు మీద మనిషికి ఏదో ఒక చూరు దొరుకుతుంది, పది నిమిషాల్లో దాటిపోతాడు. రేకుల ఇంట్లో ఉన్న ముసలావిడ పగలూ రాత్రీ ఆ కప్పు కిందే ఉంటుంది.

అయితే ఏ సందు ముందు అన్నది కొలిచి తేల్చుకోండి. టీవీలో చెప్పే విజయవాడ ఉష్ణోగ్రత గన్నవరం విమానాశ్రయం దగ్గర కొలిచింది. చుట్టూ ఖాళీ జాగా ఉన్నచోటి అంకె వించిపేట సందుకు సరిపోదు. తేమ కూడా చూపించే చిన్న డిజిటల్ థర్మామీటర్లు అరడజను కొనండి. సందుకొక రేకుల ఇల్లు, ఒక పైఅంతస్తు గది తీసుకుని, గోడకు ఆనకుండా నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున దారంతో వేలాడదీయండి. ఫ్యాన్ గాలి, కిటికీ ఎండ తగలకూడదు. మధ్యాహ్నం 3కి, రాత్రి 10కి, తెల్లారుజామున 5కి రాయాలి. వారం రాస్తే చాలు. రాత్రి 10 గంటల అంకె ఎక్కడ ఎక్కువుంటే సున్నం అక్కడ మొదలుపెట్టండి.

నైట్‌డ్యూటీ:
పై మాటలో రాత్రి అంకె సంగతి అందరూ గట్టిగా పట్టించుకోవాలి. పగలు అలిసిన ఒళ్లు తేరుకునేది రాత్రే. గదిలో రాత్రంతా వేడి దిగకపోతే గుండె తెరిపి లేకుండా కొట్టుకుంటూనే ఉంటుంది, మూడో రోజుకో నాలుగో రోజుకో మనిషి పడిపోతాడు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ కలిపి రెండు వేల మందికి పైగా వేడికి పోయారు. ఎండలో పనిచేసేవాళ్లకే వడదెబ్బ అనుకోవద్దు. గడప దాటని వృద్ధులకూ తగులుతుంది.

మన ఊళ్లో ఇంకో చిక్కు తేమ. వాయవ్యం నుంచి పొడి వడగాలి వీచినంతసేపు చెమట ఆరుతుంది. సాయంత్రం బందరు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగితే థర్మామీటరు కాస్త దిగుతుంది గాని ఉక్క పెరుగుతుంది. 40 డిగ్రీల దగ్గర తేమ 40 శాతం ఉంటే ఒంటికి 48లా తగులుతుంది. అదే 40కి తేమ 50 శాతం అయితే 55లా ఉంటుంది. అందుకే కొలిచేటప్పుడు తేమ కూడా రాయమంటున్నాం.

పటమట వాసి:
మరి మిస్ట్ ఫ్యాన్లు (నీటి తుంపర చల్లేవి), రోడ్ల మీద నీళ్లు చల్లే ట్యాంకర్లు? కొన్ని ఊళ్లలో పెడుతున్నారు కదండీ.

సున్నంబట్టి:
పొడిగాలి ఉన్న మధ్యాహ్నం, ఆరుబయట, మిస్ట్ పనిచేస్తుంది. సాయంత్రం ఉక్కలో పెడితే ఉన్న తేమకు ఇంకాస్త తేమ చేరుస్తాం, చెమట అసలే ఆరదు. పైగా నాజిల్ రంధ్రాలు మన బోరు నీళ్ల ఉప్పుకు త్వరగా మూసుకుపోతాయి. నిల్వ నీళ్లు తుంపరగా పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బుల భయం కూడా ఉంది. ట్యాంకరు నీళ్లు నల్ల తారు మీద కాసేపట్లో ఆవిరైపోతాయి. తాగే నీటికి కటకటలాడే నెలలో ఆ పని వద్దు.

ఎయిర్ కూలర్లదీ ఇదే లెక్క. కిటికీ తెరిచి, బయటి గాలి లోపలికి లాగేలా పెట్టాలి. తలుపులన్నీ మూసి కూలర్ వేస్తే గంటలో గది ఆవిరి గదే. ఉక్క మొదలవగానే పంపు ఆపి ఫ్యాన్ ఒక్కటే తిప్పుకోవాలి.

చిట్టినగర్ సెంటర్:
సున్నం పూత ఎలా వేయాలో వివరంగా రాయండి సార్. మేస్త్రీలు తలా ఒక మాట చెబుతున్నారు.

సున్నంబట్టి:
డాబాకు: ముందు పగుళ్లు పూడ్చండి, పాకుడు గీకండి, చీపురుతో ఊడ్చి కడగండి. రాతి సున్నం కిలోకి 5 లీటర్ల నీళ్ల చొప్పున ఇనప డ్రమ్ములో తడిపి 24 గంటలు వదిలేయాలి. ప్లాస్టిక్ బకెట్ వద్దు, సున్నం ఉడికేటప్పుడు పుట్టే వేడికి మెత్తబడుతుంది. సున్నంలో నీళ్లు ఒక్కసారిగా పోయొద్దు, చిమ్ముతుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లోవ్స్ తప్పనిసరి. కంట్లో పడితే నలపకుండా పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడిగి ఆస్పత్రికి పంపండి. మర్నాడు ముతక గుడ్డలో వడగట్టి, వేడినీళ్లలో కరిగించిన జిగురు కలపాలి. వెయ్యి లీటర్ల సున్నం పాలకు నాలుగు కిలోలన్నది గోడల పాత లెక్క. డాబా మీద మనుషులు తిరుగుతారు కాబట్టి ఇంకొంచెం పెంచినా తప్పులేదు.

100 చదరపు గజాల డాబాకు మూడు పూతలకు 25 నుంచి 30 కిలోల సున్నం దగ్గర పెట్టుకోండి. పూత వేసే ముందు కప్పును తడపాలి. పొద్దున 9 లోపు, లేదంటే సాయంత్రం ఎండ వాలాక వేయాలి. మిట్టమధ్యాహ్నం వేస్తే నీళ్లు ఒక్క క్షణంలో లాగేసుకుని సున్నం గట్టిపడదు, మూడో రోజుకే కాళ్లకు పొడి అంటుతుంది. చాలాచోట్ల పూత పోయేది ఇందుకే, అందరూ సున్నం కల్తీ అనుకుంటారు. ఒక పూత ఆరాకే రెండోది. పల్చగా మూడు వేయాలి గాని చిక్కగా ఒక్కటి వేస్తే పెచ్చులూడుతుంది.

తాజా పూత పడ్డ ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. నల్లబడిన పాత కాంక్రీటు పావు వంతు దగ్గరే ఆగుతుంది, మిగతాదంతా మింగి రాత్రికి గదిలోకి వదులుతుంది. వానలకు సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ వేయాల్సిందే. వాన నీళ్లు పట్టుకునే ఇళ్లవాళ్లు మొదటి వానను బయటికి వదిలేయాలి.

జింకు రేకులకు మాత్రం సున్నం వేయకండి. నున్నటి రేకుకు అంటదు, పైగా జింకును తినేస్తుంది. వాటికి తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, ఎండను తిప్పికొట్టే తెల్ల యాక్రిలిక్ పెయింటు రెండు కోట్లు వేయాలి. ఖరీదు ఎక్కువే, కానీ కొన్నేళ్లు ఉంటుంది. ఆటోనగర్ లాంటి దుమ్ము చోట్ల ఏటా మార్చిలో ఒకసారి కడగకపోతే తెలుపు పోయి పని సగమవుతుంది.

పందిరిగుంజ:
రేకుల కింద థర్మోకోల్ సీలింగ్ వేయించుకుంటున్నారు చాలామంది. అది వద్దండీ. నిప్పంటుకుంటే కరిగి మీద కారుతుంది, పొగ విషం. వెదురు తడికో, తాటాకు చాపో రేకుకు అరడుగు కింద కట్టి, రెండు చివర్లా గాలి పోయే జాగా వదలండి. ఆ జాగా మూసేస్తే వేడి గాలి అక్కడే ఉడుకుతుంది. వైర్లు తడికకు తగలకుండా పైపులో పోనివ్వండి.

నెట్ల సంగతి కూడా చెబుతా. గ్రీన్ నెట్ 50 శాతం, 75 శాతం (అంత ఎండ ఆపుతుందని) అని దొరుకుతుంది. మనుషులు నిలబడే చోటికి 75 తీసుకోండి. రోడ్డు మీద కడితే బస్సులు, లారీల కోసం 18 అడుగుల ఎత్తు వదలాలి. చిరగడం దాదాపు ఎప్పుడూ ఎండకు కాదు, మే నెల సాయంత్రం గాలివానకు. ఒకే పెద్ద పరదాగా కడితే తెరచాపలా గాలి పట్టి గుంజలతో సహా లేస్తుంది. పది అడుగుల వెడల్పు పట్టీలుగా కోసి, మధ్యలో అడుగు సందు వదిలి, అంచుల్లో అడుగున్నరకొక రింగు వేసి ఇనుప తాడుకు కట్టాలి. ఇనప రేకుతో నీడ వేయడంకంటే నెట్ మేలు, గాలి ఆడుతుంది, రేకులా వేడిని కిందికి కుమ్మరించదు.

బజార్లో, ఆటో స్టాండ్ల దగ్గర తాటాకు చలువ పందిరిని మించింది లేదు. నిప్పు భయం ఒక్కటే. కరెంటు తీగల కింద వేయొద్దు, టీ బండి పందిరి కింద ఉండకూడదు, పక్కన 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము, రెండు ఇసుక బకెట్లు ఉండాలి.

కుండనీళ్లు:
చలివేంద్రం గురించి ఎవరూ రాయలేదు. మనిషికి అర లీటరు చొప్పున రోజుకు 600 మంది తాగితే 300 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు 15. పొద్దున నింపిన కుండ చల్లబడేసరికి గంటలు పడుతుంది. అందుకే రెండు వరసలు పెట్టి, ఒక వరస వాడుతుంటే రెండోది చల్లబడనివ్వాలి. కింద తడి ఇసుక, చుట్టూ తడి గోనె, పైన నీడ, గాలి తగిలే చోటు. మూల గదిలో పెడితే కుండ ఉత్త పాత్రే. నీళ్ల ఉప్పుకు కుండ పైన తెల్లగా పొర కడుతుంది, చెమ్మ బయటికి రాదు. వారానికోసారి కొబ్బరి పీచుతో బయట రుద్దండి, సబ్బు వద్దు, వాసన పడుతుంది.

ముంచేది పొడుగు కాడ గరిటెతోనే, గ్లాసు కుండలో పెట్టనివ్వొద్దు. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య మిగిలి ఉందో లేదో కిట్‌తో చూసుకోండి. కుండలో నిల్వ ఉన్నకొద్దీ అది తగ్గుతుంది కాబట్టి ఏ పూట నీళ్లు ఆ పూటే. మజ్జిగ పొద్దున చిలికింది మధ్యాహ్నం దాటనివ్వొద్దు. ఐసు ఫ్యాక్టరీ దిమ్మలు తాగే నీటితో చేసినవన్న నమ్మకం లేదు. దిమ్మను పెద్ద తొట్లో పెట్టి, మజ్జిగ క్యాన్‌ను అందులో దించండి. ఐసు ముక్క మజ్జిగలో పడకూడదు.

చలివేంద్రం పక్కన మరుగుదొడ్డి లేకపోతే ఆడవాళ్లు నీళ్లు తాగరు. పూలమ్మేవాళ్లు, కూరగాయల వాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు తడుపుకోకుండా కూర్చునేది ఇందుకే. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల అయినా సరే, తెరిచి ఉండే దొడ్డి ఎక్కడుందో చూసుకుని దాని దగ్గరే పెట్టండి.

మిర్చియార్డు గేటు:
గుంటూరు నుంచి రాస్తున్నాను. ఇక్కడ సరుకు ముమ్మరంగా వచ్చేదే ఎండలు ముదిరే నెలల్లో. హమాలీలు ఘాటుకు ముక్కూ నోరూ గుడ్డ కట్టుకుని టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తారు. ఆ గుడ్డతో ఇంకా ఉడుకు. పని ఆపడం కుదరదు. ఏం చేయొచ్చు?

నైట్‌డ్యూటీ:
అన్నా, పని వేళలు మార్చడమే అసలు మందు. దించుడు, ఎత్తుడు పొద్దున 10 లోపు, మళ్లీ సాయంత్రం 5 తర్వాత. మధ్యలో కాటా, లెక్కలు లాంటివి నీడలో పెట్టుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకొక గ్లాసు, అంటే పావు లీటరు తాగాలి. గంటకు లీటరున్నర మించొద్దు, ఒట్టి నీళ్లు అతిగా తాగితే రక్తంలో ఉప్పు పడిపోతుంది. మధ్యమధ్య ఓఆర్‌ఎస్. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి.

కొత్తగా వచ్చిన హమాలీని మొదటి రోజు పూర్తి బరువుకు దించకండి. మొదటి రోజు ఐదో వంతు పని, రోజుకింత పెంచుతూ ఐదో రోజుకు పూర్తి పని. ఒళ్లు ఎండకు అలవాటు కావడానికి వారం పైనే పడుతుంది. కొత్తవాళ్లకే ప్రమాదం ఎక్కువ.

ఎవరైనా పడిపోయి, మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బే, చెమట పడుతున్నా సరే. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు చల్లబరచడం మొదలుపెట్టాలి. యార్డులో బరకాలకు కొదవ లేదు. మనిషిని బరకం మధ్యలో పడుకోబెట్టి, నలుగురైదుగురు అంచులు పైకెత్తి పట్టుకుని, తల పైకి ఉంచి, 100 లీటర్ల దాకా నీళ్లు, దొరికితే ఐసు పోసి అటూ ఇటూ కదపండి. ఐసు దిమ్మ చితక్కొట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టొచ్చు. మాట స్పష్టంగా వచ్చేదాకా, లేదా వణుకు పుట్టేదాకా ఆపొద్దు. అంబులెన్స్ వచ్చేలోపు గడిచే పావుగంటే ప్రాణం నిలబెట్టేది. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర వేయకండి. ఇది జ్వరం కాదు, ఆ మాత్ర పనిచేయదు, కాలేయానికి చేటు.

మిర్చియార్డు గేటు:
బరకం పద్ధతి ముఠా మేస్త్రీలకు చేసి చూపిస్తాం. గేటు గదిలో ఒకటి మడిచి పెట్టి ఉంచుతాం.

కొండమెట్లు:
కొండ మీది ఇళ్ల గురించి. గుణదలైనా, మొగల్రాజపురమైనా, చిట్టినగరైనా 108 వచ్చేది మెట్ల కిందికే. పైనుంచి మనిషిని దించాలంటే మంచం పనికిరాదు, మలుపుల్లో తిరగదు. పిడులున్న గుడ్డ స్ట్రెచర్ రెండు చోట్ల పెట్టండి, తాళం ఎవరి దగ్గరుందో గోడ మీద రాయండి. మెట్ల పక్క ఇనప రెయిలింగు మధ్యాహ్నం చెయ్యి పెట్టనివ్వదు, వృద్ధులు పట్టుకోలేక జారిపడతారు. దానికి నైలాన్ తాడు చుట్టించండి, చిన్న ఖర్చు. ప్రతి 60, 70 మెట్లకు ఒక అరుగు, దానిపైన నీడ, ఒక కుండ. రాయి రాత్రి కూడా వేడి వదులుతూనే ఉంటుంది కాబట్టి కొలతలు పై ఇళ్లలోనే తీయండి.

ఫ్యూజ్‌వైరు:
ఎవరూ ఎత్తని సంగతి కరెంటు. రాత్రి 10 దాటాక ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతుంది. ఆ సందులో ఏసీ లేనివాళ్ల ఫ్యాన్లు కూడా ఆగిపోతాయి. చాలా ఇళ్లు ఏసీ పెట్టుకున్నాక కూడా మీటరు లోడు పాతదే ఉంచుతాయి. విద్యుత్ సంస్థ లెక్కలో ఆ సందు లోడు తక్కువగా కనిపిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ మార్చరు. ఫిబ్రవరిలోనే ఇంటింటికీ తిరిగి అదనపు లోడు కట్టించండి, ఆ జాబితాతో కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి సంఘం తరఫున అర్జీ ఇవ్వండి. ఫిర్యాదు ప్రతిసారీ 1912కే చేయాలి. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే పని జరుగుతుంది గాని రికార్డు ఉండదు.

వేడి తట్టుకోలేనివాళ్లు వచ్చి కూర్చోవడానికి ఒక గది కావాలి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు సెలవులు. గదులు, వరండా, నీళ్లు, దొడ్లు అన్నీ అక్కడే ఉన్నాయి, తాళం తీయిస్తే చాలు. కరెంటు పోయినా ఫ్యాన్లు ఇన్వర్టరు మీద తిరగాలి, పది ఫ్యాన్లు అనుకుందాం. మామూలువి ఒక్కోటి 75 వాట్లు, మొత్తం 750. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి నికరంగా 1,200 వాట్ అవర్ల దాకా ఇస్తుంది, అంటే గంటన్నర. అవే బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తీసుకునే రకం) ఫ్యాన్లయితే 30 వాట్లు, మొత్తం 300, నాలుగు గంటలు. రెండో బ్యాటరీ కొనేకంటే ఫ్యాన్లు మార్చడం నయం.

నైట్‌డ్యూటీ:
ఆ గది రాత్రి 11 దాకా తెరిచి ఉంచండి, వీలైతే తెల్లవార్లూ. సాయంత్రం 5కి తాళం వేస్తే పని సగమే. గది 40 దాటితే ఒట్టి ఫ్యాన్ వేడిగాలినే మీదికి తోస్తుంది, తడిగుడ్డతో చేతులు, మెడ తుడుస్తూ ఫ్యాన్ వేయాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లకు గదిలో ఒక చిన్న ఫ్రిజ్, లేదంటే కుండలో కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక వేసినది ఉంచండి. తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, కుండ సరిపోదు. వాడుతున్న సీసాకు మాత్రమే కుండ.

వీధికి ఇద్దరు చొప్పున జాబితా రాసుకోండి: ఒంటరి వృద్ధులు, బాలింతలు, బీపీకి నీళ్ల మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి) వేసుకునేవాళ్లు, మానసిక వ్యాధులకు మందులు వాడేవాళ్లు, డయాలసిస్ వాళ్లు. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాలుల హెచ్చరిక ఇచ్చిన రోజు మధ్యాహ్నం 3కి, రాత్రి 9కి తలుపు తట్టాలి. "బాగున్నారా" అంటే అందరూ బాగున్నామనే అంటారు. పొద్దున్నుంచి ఒంటికి ఎన్నిసార్లు వెళ్లారని అడగండి. ఎనిమిది గంటలుగా వెళ్లకపోతే నీళ్లు సరిపోలేదని. మందు తగ్గించే నిర్ణయం మాత్రం వాళ్ల డాక్టరుదే.

కానుగనీడ:
మొక్కల ప్రశ్న నాకు వదిలేసినట్టున్నారు. ఎండాకాలంలో నాటొద్దు, జులై వానల్లో నాటండి. గొయ్యి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. మాగిన పశువుల ఎరువు మూడో వంతు. ఆరేడు అడుగుల మొక్కలు తెచ్చుకుంటే మేకలు అందుకోవు. మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 20 లీటర్లు. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరిగి, గాలికి చెట్టు ఒరిగిపోతుంది.

వేప, కానుగ వేసవి మొదట్లో ఆకు రాల్చి ఏప్రిల్‌కల్లా చిగురేసి మేలో నిండు నీడ ఇస్తాయి. రేల పువ్వు అందమే గాని మేలో ఆకు పల్చన, నీడకు పనికిరాదు. కోనోకార్పస్ వద్దే వద్దు, గుజరాత్ 2023లో నిషేధించింది. తీగలున్న వైపు దేవకాంచనం లాంటి చిన్నవి, తీగల్లేని వైపు పెద్దవి. ఇళ్లకు పడమటి వైపు చెట్టుకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి, గోడ కాలేది సాయంత్రపు ఎండకే. మొదలు చుట్టూ గజం జాగా మట్టిగా వదలాలి. సిమెంటు రోడ్డు వేసేటప్పుడు మొదలు దాకా కాంక్రీటు పోస్తున్నారు, మంచి చెట్లు ఎండిపోయేది అందుకే. రోడ్డు పని మొదలయ్యే రోజు మనిషి అక్కడ ఉండి ఆపించాలి.

రైవస్ గట్టు:
నగర ప్రణాళిక వైపు నుంచి ఒక మాట. మూడు కాలువలున్న ఊరు కాబట్టి చల్లగా ఉండాలని చాలామంది అంటారు. సాగునీళ్లు ఆపేది సరిగ్గా ఎండాకాలంలోనే, మేలో కాలువలో అడుగున మురుగు మిగులుతుంది. కాలువ వల్ల మనకు దక్కేది గాలి దారి. ఇరుకు బజార్ల మధ్య అంత వెడల్పు ఖాళీ ఇంకెక్కడా లేదు. దాని మీద శ్లాబు వేసి దుకాణాలు కట్టే ప్రతిపాదన ఏది వచ్చినా వార్డు తరఫున అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి. గట్ల మీద చెట్లకు జలవనరుల శాఖ అనుమతి కావాలి, కార్పొరేషన్ ఒక్కటే ఇవ్వలేదు.

ఇళ్ల మధ్య వదిలిన జాగాలో రేకులు దించడం, ఏసీ బయటి యూనిట్‌ను ఎదురింటి కిటికీకి ముఖం చేసి బిగించడం, ఈ రెండూ సందు మొత్తాన్ని ఉడికిస్తున్నాయి. యూనిట్లు డాబా మీదికి మార్చమని అపార్ట్‌మెంట్ సంఘాలతో ఇప్పుడే మాట్లాడండి.

చిట్టినగర్ సెంటర్:
అందరికీ ధన్యవాదాలు. కొలతలు వచ్చే సోమవారం నుంచి మొదలుపెడుతున్నాం. డబ్బు రేకుల కప్పులకు, బడి గదికి. నెట్లు ఈసారికి పక్కనపెట్టాం. ఒక్క సందేహం: కొండ మీద ఎక్కువ పాత సిమెంటు రేకులే. వాటి మీద పాకుడు, నల్లటి మురికి గట్టిగా పట్టి ఉంది. వైరు బ్రష్‌తో గీకించవచ్చా?

సున్నంబట్టి:
గీకించకండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. పొడిగా గీకితే, గ్రైండర్ పెడితే, కొత్తగా రంధ్రాలు వేస్తే ఆ పీచు గాలిలో లేచి ఊపిరితిత్తుల్లో దిగుతుంది. తక్కువ ధారతో బాగా తడిపి, మెత్తటి చీపురుతో తోసి, తడి ఆరకముందే సున్నం పూయండి. ప్రెషర్ పంపు కూడా వద్దు. కిందున్న నీళ్ల తొట్లు మూయించండి, జారిన మురికి తడిగానే ఎత్తి సంచిలో కట్టండి. రేకు మీద నేరుగా కాలు పెట్టనివ్వొద్దు, పాతవి చెప్పకుండా విరుగుతాయి. దూలాల మీదుగా మేకుల వరస కనిపిస్తుంది కదా, ఆ వరస మీద అడ్డంగా రెండు పొడుగు చెక్కలు వేసి, చెక్క మీదే కూర్చుని పూయాలి. నడుముకు తాడు.